పద్నాలుగు నెలల పని: నేను కొలిచింది నక్షత్రాన్నా, టెలిస్కోప్‌నా?

#1 చుక్కలవేట
పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది. ఎం డ్వార్ఫ్ నక్షత్రాలు (సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి, మసకవి) తమ చుట్టూ తాము ఎన్ని రోజులకోసారి తిరుగుతాయన్నది నా టాపిక్. తిరిగేకొద్దీ మీది మచ్చలు వచ్చి పోతుంటే వెలుగు ఊగుతుంది, ఆ ఊపు పీరియడే తిరిగే పీరియడ్. టెస్ ఉపగ్రహం (అంతరిక్ష టెలిస్కోప్) ఫుల్ ఫ్రేమ్ ఇమేజ్‌ల నుంచి లైట్ కర్వ్‌లు, అంటే వెలుగు రోజులతో ఎలా మారిందో చూపే గీతలు, నేనే తీసి, లాంబ్-స్కార్గల్ (ఊపు ఎన్ని రోజులకోసారి వస్తుందో వెతికే లెక్క) వేసి పీరియడ్లు పట్టాను. 212 నక్షత్రాలకు నమ్మదగ్గ పీరియడ్ వచ్చింది. హిస్టోగ్రామ్ గీస్తే 12, 16 రోజుల మధ్య ఒక గుట్ట లేచింది. 41 నక్షత్రాలు అక్కడే గుంపుగా కూర్చున్నాయి.

మా గైడ్ ఆ గుట్ట చూసి కుర్చీలో ముందుకు జరిగారు. వయసు పెరిగేకొద్దీ నక్షత్రం తిరిగే వేగం తగ్గుతుంది కదా, ఆ తగ్గడం ఒక దశలో కొంతకాలం ఆగిపోతుందనడానికి ఇది ఆధారం కావచ్చన్నారు. కాన్ఫరెన్స్‌కు అబ్‌స్ట్రాక్ట్ వెళ్లింది. టాక్ కూడా వచ్చింది. ఇంకా ఐదు వారాలే ఉంది.

పోయిన వారం ఊరికే ఒక పని చేశాను. ఆ 41లో 9 నక్షత్రాలు టెస్‌కు ఏడాది పొడవునా కనిపించే ధ్రువ ప్రాంతంలో ఉన్నాయి. వాటికి 13 సెక్టార్లూ (టెస్ ఆకాశాన్ని ముక్కలుగా చూసే విడతలు) కలిపి కుట్టి మళ్లీ పీరియడ్ చూశాను. డేటా పొడుగైతే పీరియడ్ దగ్గర లేచే పీక్ సన్నబడాలి. సన్నబడింది. సన్నబడి సరిగ్గా 13.7 రోజుల మీదికి వెళ్లి కూర్చుంది. తొమ్మిదింటిలో ఏడింటికి ఇదే కథ.

టెస్ భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి పట్టేది 13.7 రోజులు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గైడ్‌కు ఇప్పుడే చెప్పాలా, ఇంకో పది చెక్‌లు చేశాక చెప్పాలా? ఎలా చెప్పాలి?

#2 రెండో_రివ్యూయర్
13.7 అనేది మొదటి రోజే చూసుకోవాల్సిన నంబర్ కదా?

#3 చుక్కలవేట
చూసుకున్నాను. అందుకే ఇంకా బాధ. ఒక్కో సెక్టార్ 27.4 రోజులే కాబట్టి పీక్‌లు వెడల్పుగా వచ్చాయి. 14.3, 12.9, 15.1 అని చెదిరిపోయి ఉన్నాయి, ఒక్కటీ 13.7 కాదు. పైగా బ్యాక్‌గ్రౌండ్ (ఆకాశం వెలుగు) తీసేశాను. దాంతో "ఆర్బిట్ సంగతి చూశాను" అని నోట్‌బుక్‌లో రాసుకుని పచ్చ ఇంకుతో టిక్ పెట్టాను. ఆ టిక్ ఇప్పటికీ అలాగే ఉంది.

#4 ధ్రువతార_86
కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు. మీరు ఎలుకనైనా పట్టారు. నేను నాలుగేళ్లు తవ్వి పార పోగొట్టుకున్నాను.

#5 ఫ్లాట్‌ఫీల్డ్
రెండో_రివ్యూయర్ గారూ, ఒడ్డున కూర్చుని చెప్పడం తేలిక. 27 రోజుల డేటాలో 14 రోజుల పీరియడ్ అంటే కనిపించేది రెండు చుట్లే. లెక్క ప్రకారం ఆ పీక్ దాదాపు 9 నుంచి 27 రోజుల దాకా పరుచుకుని ఉంటుంది. దాని నెత్తి ఎక్కడ పడుతుందన్నది నాయిస్ దయ. చెదరడంలో వింతేమీ లేదు.

చుక్కలవేట గారూ, నా అంచనా ఇదీ. టెస్ కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తం. ప్రైమ్ మిషన్‌లో (మొదటి రెండేళ్లలో) భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ కెమెరాలు పక్కకు తిప్పి డేటా కిందికి పంపేది, అక్కడొక గ్యాప్ వస్తుంది. ఆ గ్యాప్‌కు అటూ ఇటూ భూమి వెలుగో చంద్రుడి వెలుగో కెమెరాల్లోకి చెదిరి పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాం అనుకుంటాం గానీ, ఆ వెలుగు పక్కపక్క పిక్సెళ్లలో కూడా ఒకేలా ఉండదు. టెస్ పిక్సెల్ ఒక్కోటి 21 ఆర్క్‌సెకన్లు. అంత పెద్ద డబ్బాలో మీ మసక ఎం డ్వార్ఫ్ ఎంత, ఆకాశం వెలుగు ఎంత? ఆకాశం వెలుగు రవ్వంత మిగిలిపోయినా చాలు, మీకు అది నక్షత్రం మీది మచ్చలా కనిపిస్తుంది.

గైడ్ దగ్గరికి వెళ్లే ముందు రెండే పనులు చేయండి. పది వద్దు.

మొదటిది ఫేజ్, అంటే ఒక చుట్టులో వెలుగు ఎక్కడ తగ్గుతుందన్నది. నిజంగా తిరిగే నక్షత్రాలైతే ఒకదానికి ఈ రోజు మచ్చ ఎదురుగా ఉంటుంది, ఇంకోదానికి వారం తర్వాత ఉంటుంది. వాటికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. 41 నక్షత్రాలనూ 13.7 రోజులకు ఫోల్డ్ చేసి (ఒక్కో 13.7 రోజుల ముక్కనూ ఒకదాని మీద ఒకటి పేర్చి), ఉపగ్రహం భూమికి దగ్గరగా వచ్చే క్షణాన్ని సున్నాగా పెట్టి, ఎవరి కనిష్ఠం ఎక్కడ పడిందో గీయండి. అన్నీ ఒకేచోట తలవంచితే వాటికి తాళం వేస్తున్నది టెస్సే.

రెండోది, నక్షత్రమే లేని ఖాళీ ఆకాశం ముక్క తీసుకుని అదే అపర్చర్ (వెలుగు కూడే పిక్సెళ్ల గుంపు) పెట్టి, అదే కోడ్‌లో వేయండి. ఏమొస్తుందో చూడండి.

#6 అర్ధరాత్రి_షిఫ్ట్
అధికారిక పైప్‌లైన్ (టెస్ జట్టు సాఫ్ట్‌వేర్) తీసి ఇచ్చే లైట్ కర్వ్‌లు వాడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. సొంతంగా తీయడమెందుకు?

#7 ఫ్లాట్‌ఫీల్డ్
అది ఇంకో గొడవ. ఆ పైప్‌లైన్ గ్రహాల కోసం కట్టింది. గ్రహం అడ్డొచ్చినప్పుడు కొన్ని గంటలు పడే గుంట దానికి కావాలి, నిదానంగా ఊగే భ్రమణం దానికి చెత్త. 13 రోజులు దాటిన భ్రమణం ఉంటే చాలాసార్లు దాన్నీ తుడిచేస్తుంది. ఈ పనికి సొంతంగా తీయక తప్పదు. అలా తీస్తే చెత్త కూడా సొంతమే.

#8 పేపర్‌వీరుడు
నేనైతే ఇంత ఆందోళన పడను. పేపర్‌లో ఒక పేరా రాయండి: "ఈ పీరియడ్ టెస్ కక్ష్యకు దగ్గరగా ఉన్నందున కొంత ప్రభావం ఉండవచ్చు" అని. రిఫరీ (పత్రిక తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్) అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. మూడో ఏట చేతిలో ఫస్ట్ ఆథర్ పేపర్ లేకపోతే పోస్ట్‌డాక్ అప్లికేషన్ ఎవడూ తెరిచి చూడడు. ఇది చేదు నిజం.

#9 రెండో_రివ్యూయర్
ఆ పేరా చదివే రిఫరీని నేనే అయితే?

#10 పేపర్‌వీరుడు
పేరులోనే తెలుస్తోంది మహాప్రభో.

#11 థీసిస్_తంటా
8వ పోస్టులో చేదు నిజం సగమే ఉంది. మిగతా సగం నేను చెప్తాను. మా గ్రూపులో నాకంటే ముందు ఒకరు ఇలాగే "కొంత ప్రభావం ఉండవచ్చు" అని రాసి పేపర్ వేశారు. ఆ టేబుల్‌ను ఆధారం చేసుకుని నా మొదటి ఏడాదిన్నర గడిచింది. టేబుల్‌లో మూడో వంతు తప్పని తేలింది. ఆ వాక్యం పేపర్‌లో ఉంది కాబట్టి ఆయన అబద్ధమాడలేదు. కానీ నా ఏడాదిన్నర ఎవరిస్తారు?

#12 పల్సర్‌పిచ్చి
ఈ కథ ఇక్కడ చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

1991లో రేడియో ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ లైన్, ఆయన బృందం ఒక పల్సర్ (గడియారంలా రేడియో మెరుపులు పంపే నక్షత్రం) చుట్టూ గ్రహం ఉందని నేచర్ పత్రికలో వేశారు. పీఎస్ఆర్ 1829-10 దాని పేరు. సూర్యుడి బయట మొదటి గ్రహమని పెద్ద హడావిడి. గ్రహం పీరియడ్ ఆరు నెలలు. ఆరు నెలలంటే సరిగ్గా మన ఏడాదిలో సగం. అప్పుడే కొందరికి అనుమానం వచ్చింది.

1992 జనవరిలో అట్లాంటాలో అమెరికన్ ఆస్ట్రోనామికల్ సొసైటీ మీటింగ్. లైన్ ఆ గ్రహం గురించి మాట్లాడాలి. సభ కొద్ది రోజుల్లో ఉందనగా లెక్కలో తప్పు దొరికింది. పల్సర్ ఉన్న చోటును కాస్త తప్పుగా తీసుకున్నారు, దానికి తోడు భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదన్నది లెక్కలో సరిగా పడలేదు. రెండూ కలిసి ఆరు నెలల ఊపు పుట్టించాయి. ఆయన చూసింది మన భూమి కదలికే. వేదికెక్కి ఆ మాటే చెప్పాడు. హాలు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది.

అదే సభలో ఆ తర్వాత మాట్లాడింది అలెగ్జాండర్ వోల్షాన్. ఆయన చెప్పింది ఇంకో పల్సర్ గురించి, పీఎస్ఆర్ 1257+12. దాని చుట్టూ రెండు గ్రహాలు. అవి నిజమైనవి, ఈ రోజుకీ నిలబడ్డాయి.

#13 నాలుగో_ఏడు
ఈ కథ ప్రతి గ్రూప్ మీటింగ్‌లో ఎవరో ఒకరు చెప్తారు, విన్నవాళ్లందరూ తల ఊపుతారు. కానీ లైన్ అప్పటికే పేరున్న సీనియర్. మూడో ఏడు స్టూడెంట్ లేచి "నాది తప్పు" అంటే ఎవరూ లేచి నిలబడరు. "డేటా సరిగా చూడలేదా?" అంటారు. చప్పట్లకూ సీనియారిటీ ఉండాలి.

#14 పల్సర్‌పిచ్చి
ఒప్పుకుంటున్నాను. ఆ కోణం నాకు తట్టలేదు.

#15 నాలుగో_ఏడు
ఇంకో మాట. స్టూడెంట్ చెప్పింది నిజమై, పెద్దాయన చెప్పింది తప్పయిన కేసూ ఉంది. 1925లో సిసీలియా పేన్ థీసిస్. నక్షత్రాల్లో హైడ్రోజన్ లోహాల కంటే దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువని ఆమె లెక్క తేల్చింది. అప్పటి పెద్ద ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నాడు. ఆమె థీసిస్‌లోనే ఆ సంఖ్య బహుశా నిజం కాదని రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత రసెల్ తన దారిలో అదే జవాబుకు వచ్చి ఒప్పుకున్నాడు. కాబట్టి గుట్టను చంపే ముందు కాస్త ఆగండి. ఎవరో ఒకరు అనుమానించారని నిజాన్ని వెనక్కి తీసుకోకూడదు.

#16 ఫ్లాట్‌ఫీల్డ్
ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. పేన్‌ను అనుమానించింది ఒక మనిషి. ఇక్కడ అనుమానిస్తున్నది 13.7 అనే సంఖ్య. మనిషితో వాదించొచ్చు.

కానీ "తొందరపడి చంపొద్దు" అన్న మాట వరకు సరే. 1974లో రస్సెల్ హల్స్ అరెసిబో రేడియో టెలిస్కోప్‌లో స్టూడెంట్‌గా పల్సర్లు వెతుకుతుంటే ఒకదాని పీరియడ్ చూసిన ప్రతిసారీ మారిపోయేది. 59 మిల్లీసెకన్ల పల్సర్. ముందు తన కొలతలోనే తప్పుందనుకున్నాడు. దాని కోసమే విడిగా ప్రోగ్రామ్ రాసి మళ్లీ కొలిచాడు. తప్పు పోలేదు, ఇంకా చక్కటి ఆకారంలో కనిపించింది. ఆ పల్సర్ ఇంకో నక్షత్రం చుట్టూ 7.75 గంటలకోసారి తిరుగుతోంది. 1993 నోబెల్ అది. ఆయన తప్పును పరీక్షకు పెట్టాడు, అది నిలబడింది. చుక్కలవేట గారి గుట్టను కూడా పరీక్షకే పెడుతున్నాం.

#17 బ్లాక్‌హోల్_బాబాయ్
తర్వాత నోబెల్ తెచ్చుకున్న డిడియే కేలోజ్‌ది కూడా ఇదే. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు 51 పెగాసీ అనే నక్షత్రంలో 4.2 రోజుల ఊపు చూసి గ్రహం దొరికిందని ఎగిరి గంతేయలేదు, నా ప్రోగ్రామ్ పాడైందిరా దేవుడా అని గాభరా పడ్డాడు. గైడ్ మేయర్ అప్పుడు హవాయిలో సెలవులో ఉన్నాడు. నోబెల్ రావాలంటే ముందు గాభరా పడాలి, గైడ్ ఊళ్లో ఉండకూడదు.

#18 ధ్రువతార_86
మా గైడ్ ఎప్పుడూ ఊళ్లో ఉండరు. నోబెల్ మాత్రం రాలేదు.

#19 అర్ధరాత్రి_షిఫ్ట్
మైక్రోవేవ్ కథ ఎవరూ చెప్పలేదేం? పార్క్స్ టెలిస్కోప్‌లో ఏళ్ల తరబడి వింత రేడియో మెరుపులు. పెరిటాన్లని పేరు కూడా పెట్టారు. 2015లో ఎమిలీ పెట్రాఫ్, అప్పుడు ఆమె కూడా పీహెచ్‌డీ స్టూడెంటే, తన జట్టుతో కలిసి పట్టుకుంది. మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు లాగితే ఆ క్షణంలో బయటికి తప్పించుకున్న తరంగమది. తప్పు పట్టుకోవడమే పేపర్ అయిన కేసు.

#20 పేపర్‌వీరుడు
అందరూ కథలు చెప్పడమే గానీ ఆ అమ్మాయో అబ్బాయో ఐదు వారాల్లో ఏం చేయాలో ఒక్కరూ చెప్పడం లేదు.

#21 రెండో_రివ్యూయర్
5వ పోస్టు.

#22 చుక్కలవేట
రెండు రోజులు కనపడలేదు, క్షమించండి. 5వ పోస్టు ప్రకారం చేశాను.

ముందు ఖాళీ ఆకాశం. చుట్టుపక్కల నాలుగు పిక్సెళ్లలో గాయా కేటలాగ్ (నక్షత్రాల పెద్ద జాబితా)లో చెప్పుకోదగ్గ నక్షత్రం లేని చోటు వెతకడమే పెద్ద పనైంది, టెస్ పిక్సెల్‌లో ఎవరో ఒకరు ఉంటారు. చివరికి ఒక ముక్క దొరికింది. కోడ్‌లో వేశాను. నా కోడ్ చివర ఒక వాక్యం ప్రింట్ చేస్తుంది, మొదటి ఏడు సరదాగా రాసుకున్నాను: "అభినందనలు, ఈ నక్షత్రం ఇన్ని రోజులకు తిరుగుతోంది" అని. ఖాళీ ఆకాశానికి అది 13.8 రోజులు, నమ్మకం "అధికం" అని చెప్పింది. అభినందనలు కూడా చెప్పింది.

లాప్‌టాప్ మూసేసి బయటికి వెళ్లి అరగంట నడిచాను.

తర్వాత ఫేజ్. కెమెరావారీగా విడగొట్టి గీశాను, ఎందుకంటే వెలుగు చెదరడం కెమెరా కెమెరాకూ వేరు. 41లో 33 నక్షత్రాలు తమ తమ కెమెరాలో ఒకే ఫేజ్ దగ్గర తలవంచాయి. మంది కవాతు చేసినట్టు ఉంది. మిగతా 8 ఎవరి దారి వాళ్లది. ధ్రువ ప్రాంతంలో 13.7కు రాని ఆ రెండూ ఈ ఎనిమిదిలోనే ఉన్నాయి.

#23 బ్లాక్‌హోల్_బాబాయ్
ఖాళీ ఆకాశం పీరియడ్ వచ్చింది కాబట్టి వయసు కూడా లెక్కేయొచ్చు. స్కుమానిచ్ అనే శాస్త్రవేత్త 1972లో చెప్పినట్టు పీరియడ్ వయసు వర్గమూలంతో పెరుగుతుంది. శూన్యం మధ్యవయసులో ఉంది.

#24 అర్ధరాత్రి_షిఫ్ట్
శూన్యం వేగం తగ్గడం కూడా కొంతకాలం ఆగిపోయిందంటారా?

#25 థీసిస్_తంటా
నవ్వుకుంటూనే ఉన్నాను గానీ, ఆ "అభినందనలు" లైన్ కోడ్‌లోంచి తీసేయకండి. దాన్ని ఖాళీ ఆకాశం ప్లాట్ మీద అలాగే ఉంచి గైడ్‌కు చూపించండి. పది నిమిషాల వివరణ మిగులుతుంది.

#26 నాలుగో_ఏడు
నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. 33 ఒకేచోట అంటే ఇక వాదన లేదు.

#27 పేపర్‌వీరుడు
నాకు మాత్రం ఇంకా ఒకటి అర్థం కాలేదు. నిజమైన 8 ఉన్నాయి కదా. వాటితో పేపర్ రాయొచ్చుగా?

#28 ఫ్లాట్‌ఫీల్డ్
8 నక్షత్రాలతో గుట్ట ఉండదు, 8 నక్షత్రాలు ఉంటాయి. పైగా వాటినీ ఇప్పుడే నమ్మకండి. ఫేజ్ కలవలేదంటే ఆ ఒక్క దొంగ కాదని మాత్రమే తెలిసింది. పక్క నక్షత్రం వెలుగు అదే పిక్సెల్‌లో కలిసి ఉండొచ్చు.

ఇంకో సంగతి, చుక్కలవేట గారూ. మిగతా 171 నక్షత్రాల మాట? గుట్ట బయట ఉన్నాయని వాటిని వదిలేయకండి. నకిలీ సైన్ తరంగాలు, 2 రోజుల నుంచి 20 రోజుల దాకా, మీకు తెలిసిన ఎత్తుతో, ఏ ఊపూ లేని నక్షత్రాల డేటాలో కలిపి మీ కోడ్‌కు ఇవ్వండి. ఎన్ని తిరిగి పట్టుకుంటుందో, ఎన్నింటిని లాక్కెళ్లి 13.7 దగ్గర పడేస్తుందో చూడండి. నిజంగా 11 రోజులకు తిరిగే నక్షత్రాన్ని కూడా మీ కోడ్ ఆ గుట్టలో కూర్చోబెట్టి ఉండొచ్చు. అది తెలిస్తే మీ చేతిలో ఒక చాప్టర్ ఉన్నట్టే: ఈ డేటాతో ఎన్ని రోజుల దాకా భ్రమణం నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు. అది చాలామందికి కావాలి.

కెప్లర్ (టెస్ కంటే ముందున్న అంతరిక్ష టెలిస్కోప్) చూసిన నక్షత్రాలు మీ జాబితాలో ఏమైనా ఉంటే అవి బంగారం. కెప్లర్ ఒకే చోట 2009 నుంచి 2013 దాకా చూసింది. దాని పీరియడ్‌తో మీ పీరియడ్ పక్కపక్కన పెడితే చాలు.

#29 చుక్కలవేట
చూశాను, 6 ఉన్నాయి. 4 కలిశాయి. ఐదోది కెప్లర్‌లో 27, నాకు 13.5. ఆరోది చెప్పడం నాకిష్టం లేదు.

#30 రెండో_రివ్యూయర్
27కు 13.5 అంటే సగం పీరియడ్. నక్షత్రానికి రెండు వైపులా మచ్చలుంటే మామూలే. దానికి టెస్‌ను తిట్టకండి. ఆరోది చెప్పండి.

#31 చుక్కలవేట
కెప్లర్‌లో 0.9 రోజులు. నాకు 14.1.

#32 బ్లాక్‌హోల్_బాబాయ్
అంత వేగంగా తిరిగేదాన్ని అంత నిదానంగా ఎలా చూశారండీ, పండగ సెలవుల్లో కొలిచారా?

#33 చుక్కలవేట
ఒక రోజు కంటే తక్కువ పీరియడ్లు వెతకొద్దని కోడ్‌లో నేనే కింది హద్దు పెట్టాను, వేగంగా నడవాలని. అది వెతకని చోట ఉంది కాబట్టి కోడ్ కనిపించిందే పట్టుకుంది.

#34 వేదిక_నిర్వాహకుడు
పీహెచ్‌డీ చేయడం దండగ, కోడింగ్ ఉద్యోగం చూసుకోండి అన్న తొమ్మిది పోస్టులను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ విషయం మీదే ఉండండి.

#35 ధ్రువతార_86
అందులో ఆరు నావి. అక్కడే ఉంటాను, రండి.

#36 థీసిస్_తంటా
చుక్కలవేట గారూ, అసలు ప్రశ్న ఎలా చెప్పాలని కదా. నేను చేసిన తప్పు చెప్తాను. నేను పెద్ద మెయిల్ రాశాను, మొదటి పేరా అంతా క్షమాపణలే. గైడ్ చదివి "ఏమైంది, ఎవరికైనా బాగోలేదా?" అని ఫోన్ చేశారు. మెయిల్ వద్దు. ప్లాట్ తీసుకుని వెళ్లి, "గుట్ట 13.7 మీద పడుతోంది, ఇదిగో" అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. కారణాలు ఆయన అడిగాక చెప్పండి. మీ ప్లాట్లు మూడు చాలు: సన్నబడిన పీక్, ఫేజ్, ఖాళీ ఆకాశం.

#37 నాలుగో_ఏడు
ఇంకొక్కటి జత చేయండి. తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో రెండు వాక్యాల్లో. సమస్య మాత్రమే పట్టుకెళ్తే అది గైడ్ సమస్య అయిపోతుంది, అప్పుడు ఆయనకు తోచింది చేయమంటారు.

#38 పేపర్‌వీరుడు
అబ్‌స్ట్రాక్ట్ వెళ్లిపోయింది కదా, దాని సంగతి? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు గుట్ట తేలకముందే పేరు పెట్టేశారు.

#39 ఫ్లాట్‌ఫీల్డ్
అబ్‌స్ట్రాక్ట్‌లో రాసిందే టాక్‌లో చెప్పాలని శాసనమేమీ లేదు. సగం టాక్‌లు అబ్‌స్ట్రాక్ట్‌కు సంబంధం లేకుండానే నడుస్తాయి. నేను విన్నవాటిలో మంచివన్నీ అలాంటివే.

#40 చుక్కలవేట
చెప్పేశాను. ఇప్పుడే వచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి, టైపింగ్ తప్పులుంటే చూసుకోండి.

36వ పోస్టు చెప్పినట్టే మొదటి వాక్యంలో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మొదటి ప్లాట్ చాలాసేపు చూశారు. రెండోది చూశారు. మూడో ప్లాట్ మీద "అభినందనలు" చదివి, "ఇది ఏ నక్షత్రం?" అన్నారు. నక్షత్రం లేదు సార్, ఖాళీ ఆకాశం అన్నాను. ఆ ముక్క ఎక్కడుందో అడిగి, తనే ఇంకో చోటు చెప్పి అక్కడే, తన ముందే వేయమన్నారు. నా లాప్‌టాప్‌లో కోడ్ నడవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలు ఇద్దరం గోడకున్న పాత పోస్టర్ చూస్తూ కూర్చున్నాం. 13.6 వచ్చింది.

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పోయిన ఏడు ఈ ప్రశ్న నేను నిన్ను అడగాల్సింది" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. కోపం మాత్రం ఒక్క విషయంలో వచ్చింది, వారం రోజులు ఎందుకు దాచావని. దానికి నా దగ్గర జవాబు లేదు.

టాక్ ఉంటుంది, టైటిల్ మారుతుంది. గుట్ట ఎలా పుట్టింది, ఖాళీ ఆకాశం, నకిలీ తరంగాల పరీక్ష. సహ రచయితల్లో ఒకరికి ఇది నచ్చలేదు, గుట్టను అప్పుడే తన ప్రపోజల్‌లో వాడుకున్నారట. ఆ మెయిళ్లు గైడ్ చూసుకుంటానన్నారు. ఎలా చూసుకుంటారో తెలియదు.

#41 థీసిస్_తంటా
దాచిన వారం గురించి బాధపడకండి. నేను నాలుగు నెలలు దాచాను.

#42 పేపర్‌వీరుడు
బాగుంది. అయినా పేపర్ ఆలస్యమవుతుందన్న నా మాట మాత్రం నిజమే, రాసి పెట్టుకోండి.

#43 చుక్కలవేట
నిజమే. ఏడాది వెనక్కి వెళ్లింది.

#44 ఫ్లాట్‌ఫీల్డ్
నకిలీ తరంగాల పరీక్ష అయ్యాక కోడ్ బయట పెట్టండి. ఆ కింది హద్దు ముందు సరిచేయండి.

#45 చుక్కలవేట
ఫేజ్ గీసే స్క్రిప్ట్ పెట్టేశాను, మిగతాది పరీక్ష అయ్యాక. హద్దు 0.1 రోజుకు దించాను. కోడ్ ఇప్పుడు నత్తలా నడుస్తోంది.

#46 కొత్త_చుక్క
మొదటిసారి రాస్తున్నాను, ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను. నాది ఎం డ్వార్ఫ్‌లు కాదు, రెడ్ జెయింట్లు (ఉబ్బిన ముసలి నక్షత్రాలు). గ్రూపు వేరు, కోడ్ వేరు. రాత్రి చుక్కలవేట గారి స్క్రిప్ట్ తీసుకుని నా 60 నక్షత్రాల మీద ఊరికే వేసి చూశాను.

ఎవరైనా మేలుకుని ఉన్నారా?

#47 అర్ధరాత్రి_షిఫ్ట్
ఉన్నాను. ఎన్ని తలవంచాయి?

#48 కొత్త_చుక్క
52.

#49 చుక్కలవేట
కొత్త చర్చ తెరవండి. నేనూ వస్తున్నాను. ముందు ఖాళీ ఆకాశం వేసి చూడండి.